ఆడిటరు ఇచ్చిన కొసరు

బేరంలో అసలు విద్య నోటిది కాదు, కాళ్లది. ధర ఎవరైనా అడుగుతారు. తగ్గించమని బతిమాలడం చేతకాని వాళ్లూ చేస్తారు. సరుకు కింద పెట్టి, మొహం తిప్పుకుని లేచి నడిచేటప్పుడే మనిషి సత్తా బయటపడుతుంది. మరీ జోరుగా నడిస్తే నిజంగానే పోతున్నారనుకుని కొట్టువాడు వదిలేస్తాడు. మరీ నింపాదిగా నడిస్తే ఎలాగూ తిరిగొస్తారని నవ్వుకుంటాడు. చెప్పులో రాయి పడినట్టు ఒకచోట ఆగి దులుపుకోవాలి. పక్క కొట్టు వైపు ఒక చూపు వెయ్యాలి. అప్పుడు వెనక నుంచి పిలుపు వస్తుంది.

ఖరగ్‌పూర్ గోల్‌బజారులో నేను లేచి నడిచాక పిలుపు రాని రోజు లేదు. తెలుగువాళ్లు, మార్వాడీలు, బెంగాలీలు అందరూ పిలిచినవాళ్లే. చింతపండు అమ్మే ముసలాయనైతే నన్ను చూడగానే, "దీదీ, ధర తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు లేచి నడిచెయ్, నేను పిలిచేస్తాను, ఇద్దరికీ పని తెములుతుంది" అనేవాడు. ఈ విద్య పనికిరాని చోటు ఒకటుందని నాకు ఇరవై దాటాక తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది.

మా కొట్టు న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లను ఆనుకుని ఉండేది. పైన రేకులు, ముందు చెక్కబల్ల, బల్ల వెనక నాన్న. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను ఆ బల్ల కింద పాకి, ఆ బల్ల మీద పద్దులు రాయడం నేర్చుకున్నాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో పనిచేసే కుటుంబాలే మా ఖాతాదారులు. బియ్యం, పప్పు, ఉప్పు, మన వైపు ఎండుమిరపకాయలు, చింతపండు. సాయంత్రం వర్క్‌షాపు కూత పడితే కాసేపు సందడి. జీతాల రోజు దాకా అరువు. ఆ రోజు వసూలైతే మేమూ తింటాం.

నాన్నకి బేరం రాదు. కొనేవాళ్లు తగ్గించమంటే తగ్గించేవాడు. అమ్మేవాళ్లు పెంచి చెబితే ఇచ్చేసేవాడు. "ఆడికీ పిల్లలుంతారు కదే" అనేవాడు. అందువల్ల టోకు సరుకు కొనే పని నాకు జడగంటలు వేసుకునే వయసులోనే అంటుకుంది. నేను బేరమాడుతుంటే నాన్న ఖాళీ సంచులు చంకలో పెట్టుకుని వెనక నిలబడి, నాటకం చూస్తున్నట్టు చూసేవాడు. తిరుగుదారిలో "ఓలమ్మో, ఆడి మొగం సూసినావా? సగం అనీసరికి ఏడుపు తక్కువ" అని ఒకటే నవ్వు. మా ఇంట్లో ఉన్న వినోదం అదొక్కటే.

అరవైల మొదట్లో ఒక వానాకాలం, మేదినీపూర్‌లోని అమ్మకం పన్ను ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. బడిలో వచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. మేం పన్ను కట్టడం లేదట. లెక్కలు పట్టుకుని హాజరు కావాలట. సరైన జవాబు లేకపోతే ఆఫీసరు తన అంచనా ప్రకారం అమ్మకం కట్టి పన్ను వేస్తాడట.

అంచనా అన్న మాట దగ్గర నాన్న మొహంలో నెత్తురు లేదు. మా వీధిలోనే పొగాకు అమ్మే ఆయనకి అంతకు ముందు అలాగే అంచనా వేశారు. ఆయన కొట్టు తలుపుల మీద ఇప్పుడు సినిమా పోస్టర్లు అంటిస్తున్నారు.

"మన కొట్టూ అంతేనేటే అమ్మీ?"

"అంతెందుకవుతాది? ఆడిటర్ని పట్టుకుంతే సరి" అన్నాను.

"ఆడిటరంతే ఏటి?"

"లెక్కల ఉకీలు."

"ఓర్నాయనో. అయితే సానా అడుగుతాడు."

"అడగనీ. నానున్నాను కదా."

పెద్ద పరీక్షలు ప్యాసైన ఆడిటరు, ఊరికి ఆ చివర ఇందా అనే బెంగాలీల పేటలో ఒకాయన ఉన్నాడని బజారులో విన్నాను. ఆదివారం పొద్దున్న నాన్న ఉతికిన పంచె కట్టుకున్నాడు. రిక్షా ఖర్చెందుకని నడిపించాను. రైల్వే స్థలం దాటితే మన మాట ఆగిపోతుంది. అక్కణ్నుంచి అంతా బెంగాలీయే. వాన వెలిసి, రోడ్డు పక్క కాలువలు నిండి, నాన్న పంచె అంచులు బురదయ్యాయి. ఆడిటరు గారి గుమ్మం ముందు ఆ అంచుల్ని పిండుకోవడానికి నాన్న చాలాసేపు వంగి ఉండిపోయాడు.

నాచు పట్టిన గోడల ఇల్లు. వరండాలో బల్ల, బల్ల నిండా తాళ్లతో కట్టిన ఫైళ్లు. ఆయనకి అరవై ఉంటాయేమో. ఉబ్బసం మనిషి, నాలుగు మాటలకోసారి ఆగి గాలి తీసుకునేవాడు. దేశం ముక్కలైనప్పుడు తూర్పు బెంగాల్లో ఇల్లూ వృత్తీ వదులుకుని వచ్చిన కుటుంబమని తర్వాత తెలిసింది.

"రండి దాదా, కూర్చోండి" అని నాన్నకి కుర్చీ చూపించాడు.

నాన్న ఆఫీసుల్లో నిలబడటమే ఎరుగును. ముందు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆడిటరు ప్రశ్నలు వేస్తున్నకొద్దీ మెల్లగా వెనక్కి ఆనుకున్నాడు. ఏ సరుకు ఎక్కువ పోతుంది? ఎక్కణ్నుంచి తెప్పిస్తారు? పండగ నెలలో ఎలా ఉంటుంది? నాన్న వచ్చిన బెంగాలీ, రాని హిందీ, మధ్యలో తెలుగూ కలిపి చెప్పుకుపోతున్నాడు. తన కొట్టు గురించి అంత శ్రద్ధగా అడిగిన మనిషి ఆయనకి అంతవరకూ తగల్లేదు. పుస్తకాలు తెలుగులో ఉన్నాయంటే, "దానికేముంది? అమ్మాయి చదువుతుంది, నేను రాసుకుంటాను" అన్నాడు ఆడిటరు.

తర్వాత తన రుసుం చెప్పాడు.

"సగం" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదది. ఎవరైనా ఒక అంకె చెబితే సగం అనడం నాకు తుమ్ములాంటిది, ఆపుకోలేను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "డాక్టరు దగ్గర కూడా సగం అంటావా తల్లీ?"

"అంటాను. ఆయన ఒప్పుకుంటాడు కూడా."

ఆయన నవ్వాడు. దారికొస్తున్నాడనుకున్నాను. "పోనీ, సగానికి కాస్త పైన ఇస్తాం. కానీ కొసరు ఉండాలి."

కొసరు అంటే ఏమిటో ఆయనకి తెలియలేదు. పప్పు తూచాక పైన ఒక గుప్పెడు వేస్తామే, లెక్కలోకి రానిది, అదని చెప్పాను.

"ఓ, ఫావు! కూరలవాడు పచ్చిమిరపకాయలు పడేస్తాడే, అదా? నా దగ్గర పచ్చిమిరపకాయలు లేవే. ఏమివ్వను?"

"వచ్చే ఏటి కాగితాలు కూడా ఇందులోనే రాసి పెట్టండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అది కుదరదు. నా రుసుం అందరికీ ఒకటే."

నేను లేచాను. నాన్న లేవలేదు. భుజం తట్టాల్సి వచ్చింది. కుర్చీ చేతుల మీద నుంచి ఆయన అరచేతులు ఒకటొకటిగా వచ్చాయి.

గేటు దాటాం. గుర్రపుడెక్క నిండిన ఒక కుంట పక్క నుంచి దారి. అక్కడ ఆగి చెప్పు దులుపుకున్నాను.

"పిలస్తాడంతావేటి?" అన్నాడు నాన్న గుసగుసగా.

"పిలస్తాడు. ఎనక్కి సూడకు."

నాన్న కూడా ఆగి, తన చెప్పు దులుపుకున్నాడు. కుంటలో కప్పలు అరుస్తున్నాయి. ఇంకే పిలుపూ లేదు. మలుపు దగ్గర ఓరగా చూశాను. ఆడిటరు వరండా మెట్ల మీద నిలబడి మా వైపే చూస్తున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

"మంచోడేనే అమ్మీ" అన్నాడు నాన్న.

"అయితే మంచితనం అమ్ముకోమను. మన డబ్బులెందుకు?" అన్నాను.

తర్వాత మేదినీపూర్ వెళ్లాం. కోర్టు వరండాలో వరసగా బల్లలు, టైపు మిషన్లు. అక్కడ ఒక ముహురీ దొరికాడు. ముహురీ అంటే ప్లీడర్ల దగ్గర కాగితాలు రాసిపెట్టే గుమస్తా. పన్ను కేసులన్నీ తన చేతిమీదుగానే నడుస్తాయన్నాడు. ఒక ధర చెప్పాడు. సగం అన్నాను. కుదరదన్నాడు. లేచి నడిచాను. టీ దుకాణం దాకా కూడా వెళ్లనివ్వలేదు. "దీదీ! ఓ దాదా! అరే, కోపమెందుకు, రండి రండి" అని పరుగెత్తుకొచ్చాడు. నేను నాన్న వైపు చూసిన చూపులో ఎంత గర్వముందో ఇప్పటికీ నాకు గుర్తుంది. కొసరుగా టీ కూడా ఇప్పించాడు.

"ఆఫీసరు మనవాడే. నేను చూసుకుంటాను" అన్నాడు. పిలిచిన మనిషి కదా, నమ్మాం.

హాజరు కావలసిన రోజు పుస్తకాలు తువ్వాలులో మూటకట్టి, నాన్న రైలుబండిలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కసాయి నది ఒడ్డులు ఒరుసుకుంటూ ఎర్రగా పారుతోంది. వంతెన మీద బండి నెమ్మదిస్తే నాన్న పెదాలు కదపడం చూశాను. "నమస్తే సాబ్" అన్న మాట నేర్చుకుంటున్నాడు.

ఆఫీసు గేటు దగ్గరే ముహురీ ఆగిపోయాడు. "లోపలికి వకీళ్లనీ ఆడిటర్లనీ తప్ప రానివ్వరు. మీరు వెళ్లండి. అడిగినదానికి జవాబు చెప్పండి, అంతే" అన్నాడు. అంతే అయితే నీకు డబ్బులెందుకిచ్చామని అడగబోతున్నాను. అప్పటికే బంట్రోతు నాన్న పేరు రెండోసారి పిలుస్తున్నాడు.

ఆఫీసరు కుర్రవాడే. విసుగు మాత్రం ముసలివాడి విసుగు. మూట విప్పి ఒక పేజీ తిప్పాడు.

"ఇదేం భాష?"

"తెలుగు. నేను చదివి చెబుతాను" అన్నాను.

"ఆయన తరఫున మాట్లాడ్డానికి మీకు అధికార పత్రం ఉందా?"

అలాంటిదొకటి ఉంటుందని కూడా మాకు తెలియదు.

"లేదు కదా. అయితే మీరు మాట్లాడకండి" అని పుస్తకాలు పక్కకి నెట్టి, నాన్న వైపు తిరిగాడు. హిందీలో అడిగాడు. "మీ కొట్టు అమ్మకం ఏడాదికి ఇంతని నా అంచనా. ఏమంటారు?"

ఆయన చెప్పిన అంకె వింటే మా రేకుల కొట్టు కాదు, గోల్‌బజారులో గోదాములున్న కొట్టు కళ్ల ముందుకొచ్చింది. నాన్న నా వైపు చూశాడు. నేను పెదాలు బిగించుకుని ఉన్నాను. అప్పుడాయన గొంతు సవరించుకున్నాడు. భుజం మీద కండువా ఒకసారి లాగి సర్దుకున్నాడు. బజారులో నోరు తెరిచే ముందు నేను కొంగు సర్దుకునే పద్ధతే అది.

"ఆధా, సాబ్" అన్నాడు. "ఆధా. ఏక్ పైసా జ్యాదా నహీ."

ఆఫీసరు తలెత్తాడు. "సగమా? పక్కానా?"

"పక్కా, సాబ్."

ఆఫీసరు గీసిగీసి బేరమాడలేదు. అంకె రాసుకున్నాడు, కాగితం తిప్పి సంతకం పెట్టమన్నాడు. నాన్న తెలుగులో, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్ది సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక నాన్న నా భుజం పట్టుకుని ఊపేశాడు. "సూసినావేటే? ఒక్క మాట. ఒక్క మాటకి దించీసినాను!"

నాకూ ఒళ్లు తెలియలేదు. జన్మలో బేరమాడని మనిషి సర్కారుతో బేరమాడి గెలిచాడు. "లెగిసి నడిస్తే ఇంకా దిగును" అన్నాను.

"ఆఫీసర్ల కాడ లెగిసి నడవకూడదే" అన్నాడు, ఆ సంగతి తనకే తెలిసినట్టు.

స్టేషన్లో మిఠాయి కొన్నాడు. కొట్టువాడు చెప్పిన ధరకే కొన్నాడు. "ఇయ్యాల ఒగ్గే" అన్నాడు నాతో. బండిలో ఎదుటి బల్ల మీద కూర్చున్న తెలియని మనిషికి కూడా ఒకటి పెట్టాడు. నది దాటుతున్నప్పుడు కిటికీలోంచి వచ్చిన వెలుగులో ఆయన మొహం కుర్రాడి మొహంలా ఉంది.

దుర్గాపూజల సెలవులయ్యాక ఆర్డరు వచ్చింది. పన్ను, దాని మీద జరిమానా. కొట్టుని బల్లతో, తరాజుతో సహా అమ్మినా సరిపోని మొత్తం. మేదినీపూర్ పరుగెత్తాం. వరండాలో ముహురీ బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుని ఉన్నారు. ఆయన ఏమయ్యాడో తెలియదన్నారు.

"మళ్లీ ఎల్లి ఆఫీసర్ని అడిగీనా? ఈపాలి ఇంకా దించుతాను" అన్నాడు నాన్న.

నేను ఆయన్ని ఇందాలో ఆడిటరు దగ్గరికి తీసుకెళ్లాను.

నాన్న ఈసారి వరండా ఎక్కలేదు. సిగ్గేసిందేమో, గేటు బయటే కుంట వైపు తిరిగి నిలబడ్డాడు. ఆడిటరు మమ్మల్ని గుర్తుపట్టాడు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండును. ఆర్డరు చదివాడు. పుస్తకాలు తెరవమన్నాడు. నేను చదువుతుంటే రాసుకున్నాడు, మధ్య మధ్య ఊపిరి కోసం ఆగుతూ.

చివరికి పెన్ను మూత పెట్టాడు. "బియ్యానికీ పప్పుకీ ఉప్పుకీ ఈ పన్ను లేదు. మిగిలిన సరుకంతా కలిపినా మీ కొట్టు పన్ను హద్దు దరిదాపులకి రాదు. మీరు కట్టాల్సింది ఏమీ లేదు తల్లీ. ఎప్పుడూ లేదు."

"మరి ఈ అంకె?"

"ఇది ఆఫీసరు అంచనా కాదు. వ్యాపారి స్వయంగా ఒప్పుకున్నాడని రాశాడు. కింద సంతకం ఉంది. ఎవరు చెప్పారు ఈ అంకె?"

నేను గేటు వైపు చూశాను. ఆయనా చూశాడు. ఇంక అడగలేదు.

"అటువైపు నుంచి పెద్ద అంకె వస్తుంది. అది బెదిరింపు. పుస్తకం తెరిచి చూపించాలి, అంతే. నేను పక్కనుంటే ఆయన్ని పెదవి విప్పనిచ్చేవాణ్ణి కాదు."

"మరి ఆ రోజు మీరెందుకు పిలవలేదు?" నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది. "మేం మెల్లగానే నడిచాం. కుంట దగ్గర ఆగాం కూడా."

ఆయనకి అర్థం కాలేదు. లేచి నడవడం, చెప్పు దులపడం, పిలుపు కోసం చూడటం, అంతా విడమరిచి చెప్పాల్సి వచ్చింది. అలా చెబుతుంటే పిల్లల ఆటలా ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వెళ్లే మనిషిని వెనక నుంచి పిలవడం మా ఇళ్లలో అశుభం."

"మా ఇళ్లలోనూ అంతే. బజారులో మాత్రం కాదు."

"పైగా వద్దని వెళ్లిపోతున్న పెద్దమనిషిని పిలిచి తగ్గిస్తానంటే, నీ దగ్గర డబ్బు లేదని నాకు తెలుసయ్యా అన్నట్టుంటుంది. మీ నాన్నగారిని అంత మాట అనలేకపోయాను. మెట్ల మీద నిలబడ్డాను. మీరే తిరిగొస్తారేమోనని."

పై ఆఫీసరుకి అప్పీలు వేస్తానన్నాడు. సంతకం ఉంది గనక ఆశ పెట్టుకోవద్దన్నాడు. రుసుం చెప్పాడు. మొదటిసారి చెప్పినంతే. సగం అన్న మాట నా నాలుక కొస దాకా వచ్చింది. అలవాటు అంత సిగ్గులేనిది. దాన్ని మింగి, "మీరన్నంత ఇస్తాను. కొసరు ఒకటి కావాలి" అన్నాను.

ఆయన అలసటగా చూశాడు. "మళ్లీనా?"

"ఆర్డరులో ఏం రాసుందో మా నాన్నకి చెప్పకండి. సగానికి దించానని అనుకుంటున్నాడు."

ఆయన ఆ కాగితాన్ని మడిచి ఫైలు అడుగున పెట్టి తాడు కట్టాడు. లేచి మెట్ల దాకా వెళ్లి, వీపు తిప్పి నిలబడ్డ నాన్నని వెనక నుంచే గట్టిగా పిలిచాడు.

"దాదా! ఓ దాదా! అక్కడెందుకు, వచ్చి కూర్చోండి. ఆఫీసరుతో భలే మాట్లాడారటగా."

నాన్న గేటు తోసుకుని వచ్చాడు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, ఆ కథంతా మొదలుపెట్టాడు. ఆడిటరు చివరి దాకా విన్నాడు.

అప్పీలులో జరిమానా కొంత తగ్గింది. పన్ను నిలిచింది. కొట్టు పోయింది. రేకులు ఒకరు కొన్నారు, బల్ల ఇంకొకరు. నాన్న గోల్‌బజారులో ఇంకొకరి కొట్టులో సరుకు తూచే పనికి కుదిరాడు. పొట్లం కట్టే ముందు పైన ఒక గుప్పెడు వేసే అలవాటుకి యజమాని చేత రోజూ చీవాట్లు తినేవాడు.

ఆయనకి మిగిలింది ఆ ఒక్క కథ. అమ్మకం పన్ను నోటీసు ఎవరికొచ్చినా సాయంత్రం మా ఇంటికొచ్చేవారు. "ఆఫీసర్లకి భయపడకూడదు. ఆడొకటంతాడు, మనం సగం అనాల. నాను అలగే దించినాను" అనేవాడు నాన్న. "మరి కొట్టెందుకు పోనాది?" అని ఎవరైనా అంటే, "పన్నులు అలాగున్నాయి. దించబట్టి ఇల్లయినా మిగిలింది" అనేవాడు.

వాళ్లు లేచాక నేనూ చెప్పులేసుకుని మలుపు దాకా సాగనంపేదాన్ని. అక్కడ చెప్పేదాన్ని. "మా నాన్న సెప్పినట్టు సేయకండి. ఆఫీసరు కాడ నోరిప్పకండి. ఇందాలో ఆడిటరు గారున్నారు. ఆయన అడిగినంత ఇచ్చీయండి. సగం అనకండి, లెగిసి నడవకండి. ఆయన ఎనక్కి పిలవరు."

ఊళ్లో బేరాలపిల్ల నోట ఆ మాట విని వాళ్లు విస్తుపోయేవారు. ఒకాయన మాత్రం చీకట్లో ఆగి అడిగాడు.

"అయితే మీ అయ్య సగానికి దించలేదేటి?"

"దించినాడు" అన్నాను.